అరవై రెండో పేజీ

అరవై నిమిషాలు, ఇరవై ఐదు లెక్కలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు. తెర మీద కుడి మూలన గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది, నా కుడికాలు టేబుల్ కింద బ్రేకు వెతుక్కుంటోంది. ఇరవై ఒక్కేళ్ళు సిటీ బస్సు నడిపిన కాలు మరి, ఏదైనా ముంచుకొస్తుంటే ముందు అదే లేస్తుంది, బుర్ర తర్వాత. ఎడమకాలు కూడా క్లచ్ కోసం కదిలిందో లేదో మోకాలు కలుక్కుమంది. ఉండవే తల్లీ, నీ కోసమేగా ఈ తంటా అంతా. మూడేళ్ళ కిందట సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డాక క్లచ్ మీంచి కాలు రాలేదు, మోకాలు బిగుసుకుపోయింది, వెనకాల హారన్లే హారన్లు, బస్సులో యాభై మంది నా వీపు వైపే చూస్తున్నారు, నేను రెండు చేతులతో నా తొడ పట్టుకుని కాలిని లేపుకున్నాను. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి, ఇంకో మూడేళ్ళు నడుపుతారేమో, అంతకు మించి నేను మాటివ్వలేను అన్నాడు. నడపలేని డ్రైవరుకి రెండే దారులు. ఈ పరీక్ష పాసైతే ఈ ఊళ్ళోనే కంట్రోల్ రూమ్‌లో కుర్చీ, ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో చూసుకునే పని. ఫెయిలైతే నాలుగు గంటల దూరంలో కొత్తగా కట్టిన డిపోలో గేటు దగ్గర పని, వారానికోసారి ఇంటి మొహం చూడటం. మూడుసార్లు రాయనిస్తారు, ఇది మూడోసారి.

పాసవడమంటే ఒక్కో భాగంలో ఇంత రావాలని కాదు, మూడు భాగాల సగటు అరవై ఉంటే చాలు. రెండు భాగాలు పొద్దున్నే అయిపోయాయి, అవి ముగిసిన వెంటనే తెర మీద మార్కులు చూపించేశారు, దాచుకుందామన్నా వీల్లేదు. రోడ్డు నియమాలు అరవై ఆరు. జన్మంతా రోడ్డు మీదే ఉన్నవాడికి అరవై ఆరేమిటని మా అమ్మాయి ముక్కున వేలేసుకుంటుంది, కానీ పుస్తకంలో రోడ్డు వేరు, అక్కడ గతుకులుండవు, ముందు బండివాడు కుడివైపు చెయ్యి చూపించి ఎడమకి తిరగడు. భాష నలభై ఆరు. ఖాళీలు పూరించమన్నారు, ఇన్నేళ్ళలో నేను 'ముందుకి జరగండి' తప్ప గట్టిగా మాట్లాడిందేముంది గనక పూరించడానికి. సరే, రెండూ కలిపి నూట పన్నెండు. సగటు అరవై కావాలంటే మొత్తం నూట ఎనభై ఉండాలి, ఇంక కావలసింది అరవై ఎనిమిది, అంటే ఇరవై ఐదింట్లో పదిహేడు లెక్కలు. చూశారా అత్తయ్యా, పరీక్ష మొదలవకముందే ఒక సగటు లెక్క చేసి పారేశాను, దీనికి మాత్రం మార్కులెయ్యరు. అత్తయ్య బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటారు, ఒళ్ళో సంచి, సంచిలో టీ ఫ్లాస్కు, లెక్కల పుస్తకం. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఉండండి, ఎండ బాగా ఉంది అంటే, నా విద్యార్థి పరీక్ష రాస్తుంటే నేను ఇంట్లో కూర్చుని కూరగాయలు తరుక్కోనా అన్నారు.

ఒకటో లెక్క. ఐదు సంఖ్యల సగటు పద్దెనిమిది, నాలుగు సంఖ్యలు ఇచ్చాడు, ఐదోది ఎంత. ఇది గ్లాసుల లెక్కే. మొదటి పాఠం నాడు అత్తయ్య పుస్తకం తెరవనేలేదు, వంటింట్లోంచి నాలుగు గాజు గ్లాసులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. ఒకదాంట్లో నిండుగా నీళ్ళు, ఒకదాంట్లో సగానికి పైగా, ఒకదాంట్లో అడుగున కాసిని. "ఇది నాది, ఇది నీది, ఇది పిడుగుది," అని వేలితో చూపిస్తూ వచ్చారు, పిడుగంటే మా అమ్మాయి, ఇప్పుడు పదిహేనేళ్ళు. నాలుగో గ్లాసు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. "ఇది ఎక్స్‌ది," అన్నారు. నాకు తెలుసు అది ఎవరిదో, ఆవిడకీ తెలుసు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. అత్తయ్య కన్న కూతురు, నేను కట్టుకున్న మనిషి. ఇద్దరం ఆ గ్లాసు వైపు చూడకుండా నీళ్ళ వైపు చూశాం. తర్వాత ఆవిడ నిండు గ్లాసులోంచి వెలితి గ్లాసులోకి ఒంపుతూ, నాలుగింట్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి వచ్చేదాకా ఒంపుతూ, "సగటంటే భాగహారం కాదు, సర్దుబాటు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి పోస్తే అందరికీ సమానంగా వచ్చేది. నీళ్ళు మాత్రం మొత్తం మీద అన్నే, ఒక్క చుక్క పెరగదు, తరగదు. అది గుర్తుంచుకో, మిగతాదంతా దానంతటదే వస్తుంది," అన్నారు. ఐదు పద్దెనిమిదులు తొంభై, నాలుగూ కలిపితే డెబ్బై, కాబట్టి ఇరవై. బాణం దాని మీద పెట్టి నొక్కాను. ఒకటి.

పాఠం మొదలైన రోజే ఇంకో వింత జరిగింది. పదిహేనేళ్ళపాటు నన్ను 'అల్లుడు గారూ, మీరు' అన్న మనిషి, పెన్సిలు చేతిలోకి తీసుకోగానే 'నువ్వు'లోకి దిగిపోయారు. భోజనాల దగ్గర మళ్ళీ మీరే. "అల్లుడు గారూ, ఇంకొంచెం వేసుకోండి," అన్న నోటితోనే, పళ్ళేలు తీసి పుస్తకం పెట్టగానే, "ఏడు రెళ్ళు ఎంత? నీళ్ళు నమలకు, చెప్పు." పిడుగు పక్క గదిలోంచి ముసిముసిగా నవ్వేది. నాకు మాత్రం ఆ నువ్వు మీద ఎప్పుడూ కోపం రాలేదు, మా అమ్మ పోయాక నన్ను ఆ గొంతుతో గదమాయించిన వాళ్ళు ఎవరూ లేరు. రెండు, మూడు అయిపోయాయి. మూడులో ఎక్స్ వచ్చింది. మొదట్లో ఆ ఎక్స్‌ని చూస్తేనే చేతులెత్తేసేవాణ్ణి, తెలియనిదాన్ని కాగితం మీద ఎలా పెడతారండీ, అది తెలిశాక కదా రాయాలి అనేవాణ్ణి. "నీ బస్సెక్కేవాళ్ళందరి పేర్లూ నీకు తెలుసా? తెలియకపోయినా కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నావుగా. వీణ్ణీ అలాగే కూర్చోబెట్టు, చివరి స్టాపులో దిగేటప్పుడు ఎవరో తెలుస్తుంది," అన్నారు. అప్పట్నుంచీ ఎక్స్ కనపడితే నాలో నేను 'రండి, కూర్చోండి' అనుకుంటాను. ఈసారి దిగినవాడు పదకొండు.

నాలుగోది చూడగానే నవ్వొచ్చింది, ఇన్విజిలేటర్ అమ్మాయి నా వైపు ఓ చూపు విసిరింది. ముప్పై మంది పిల్లల సగటు బరువు నలభై కిలోలు, టీచరుని కూడా కలిపితే సగటు నలభై ఒకటి, టీచరు బరువెంత. మా పుస్తకంలోనూ అచ్చం ఇలాంటిదే ఉంది. అక్కడ ఆవిడ పెన్సిలు కింద పెట్టి, "టీచరు తన వాటా నలభై తెచ్చుకుంటుంది, దాంతోపాటు తనతో కలిపి ముప్పై ఒక్క మందికి తలా ఒక కిలో పంచాలి, కాబట్టి నలభై, ముప్పై ఒకటి, డెబ్బై ఒకటి. అర్థమైందా?" అన్నారు. అయిందన్నాను. "ఏ టీచరుంది డెబ్బై ఒక్క కిలోలు? నేను ఎప్పుడూ నలభై ఎనిమిది దాటలేదు. ఇలాంటి లెక్కలు రాసేవాళ్ళు ఒక్కరోజైనా క్లాసులో నించుని ఉంటే తెలిసేది," అని ఆ పుస్తకం రాసినవాళ్ళ మీద ఆ పూటంతా గుర్రుగా ఉన్నారు. పిడుగు ఊరుకోవచ్చు కదా, "అమ్మమ్మా, కిలోలు కాదేమో, వయసేమో, నీకు సరిగ్గా డెబ్బై ఒకటేగా," అంది. ఆ రోజు నాకు దక్కాల్సిన చీవాట్లన్నీ దానికే దక్కాయి. డెబ్బై ఒకటి. నొక్కాను. ఎవరికీ చెప్పకపోయినా అనుకుంటాను, ఆవిడ మా ఇంటికి తెచ్చుకున్నది ఆవిడ వాటా ఒక్కటే కాదు, నాకూ పిడుగుకీ తలా ఇంత పంచుతూనే ఉన్నారు.

ఐదు తెలియలేదు, వదిలేశాను. ఆరు, ఏడు అయ్యాయి. ఎనిమిది తెలియలేదు. తొమ్మిది, బస్సు. వచ్చావా. ఒక బస్సు గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిలో గంటకి అరవైతో తిరిగి వచ్చినచో సగటు వేగమెంత. మొదటిసారి పరీక్షలో నన్ను ముంచినది ఇలాంటి బస్సే. రెండేళ్ళ కిందట. మూడు గంటల్లో నూట ఇరవై కిలోమీటర్లు పోయి, ఇంకో రెండు గంటల్లో ఎనభై పోయింది, సగటు వేగం చెప్పమన్నాడు. నేను పద్ధతిగా కూర్చుని మొత్తం దూరం రెండు వందలు, మొత్తం కాలం ఐదు గంటలా పది నిమిషాలు అని వేశాను. ఆ పది నిమిషాలు ఎక్కడివంటారా, చివరి స్టాపులో బండి తిప్పుకోవాలా, డ్రైవరు దిగి మొహం కడుక్కోవాలా, అద్దం తుడుచుకోవాలా. భాగిస్తే ముప్పై ఎనిమిదిన్నర దాటి ఏదో వచ్చింది, ఇచ్చిన జవాబుల్లో అది లేదు. తప్పు లెక్క ఇచ్చిన వాళ్ళదే అనుకుని, ధీమాగా 'పైవేవీ కావు' అన్నదాని మీద నొక్కి వచ్చాను. మొత్తం నూట డెబ్బై ఏడు వచ్చింది, మూడంటే మూడు మార్కులు తక్కువ, ఆ ఒక్క లెక్క ఒప్పయితే గట్టెక్కేవాణ్ణి. అత్తయ్య ఆ లెక్క నా చేత మళ్ళీ చేయించుకుని, పది నిమిషాల దగ్గర వేలు పెట్టి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "అల్లుడు గారూ, ఈ బస్సులో ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. డ్రైవరుకి మొహం లేదు కడుక్కోవడానికి. ఉత్త బస్సు," అన్నారు. అలాంటి బస్సు ఎక్కడుంటుందండీ అన్నాను. "ఎక్కడా ఉండదు. అందుకే అది లెక్కల పుస్తకంలో ఉంది." ఆ మర్నాటి నుంచే పాఠాలు. ఇప్పటికీ చెయ్యి దురద పెడుతోంది, చివరి స్టాపులో ఐదంటే ఐదు నిమిషాలు కలపమని. కలపను. నలభైకీ అరవైకీ మధ్య యాభై అనీ అనను, ఆ మాటకొస్తే ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, నెమ్మదిగా పోయిన దారిలోనే ఎక్కువసేపు ఉంటాం, కాబట్టి సగటు అటే లాగుతుంది. నూట ఇరవై కిలోమీటర్లనుకుంటే పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు, రెండు వందల నలభైని ఐదుతో భాగిస్తే నలభై ఎనిమిది. నొక్కాను. ఒళ్ళు తేలికైంది.

మా ఆవిడకి ఈ తొమ్మిదో లెక్క ఇస్తే యాభై అనేది, తప్పన్నామనుకోండి, పోనీ యాభై ఒకటి అనేది. లెక్కల టీచరు కడుపున పుట్టి లెక్కల్లో రెండుసార్లు తప్పిన మనిషి, ఆ సంగతి దాచుకోకుండా పైగా నవ్వుతూ చెప్పేది. అద్దాల షాపులో పని చేసేది, రోజూ నా బస్సులోనే వెళ్ళేది, డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నించుని. మీ ఇంటి దగ్గర్నుంచి షాపుకి ఎన్ని స్టాపులండీ అని ఒకసారి మాట కలిపాను, ఆరు అంది. ఇంకో రోజు పదకొండు అంది. ఇంకో రోజు, ఏమో, ఏడుంటాయి, మీరు డ్రైవరు, మీకు తెలియదా అంది. ఉన్నవి ఎనిమిది. తను చెప్పినవన్నీ కలిపి సగటు తీస్తే సరిగ్గానే వచ్చేదేమో, నేను తీయలేదు, ఇంకా కొన్నాళ్ళు అడుగుదామని పెళ్ళి చేసుకున్నాను. పెళ్ళి మాట చెప్పినప్పుడు అత్తయ్య నన్ను అడిగిన మొదటి ప్రశ్న, మీకు లెక్కల్లో ఎన్ని వచ్చాయి అని. ముప్పై ఆరు అన్నాను. ఆవిడ కూతురి వైపు తిరిగి, "నీకంటే నాలుగు ఎక్కువ. కానీ, అలాగే కానీ," అన్నారు. గడియారం ముప్పై ఒకటి చూపిస్తోంది, ఇక్కడ కూర్చుని పెళ్ళిచూపులు తలుచుకుంటే ఎలా. పది, పదకొండు. పన్నెండు వదిలేశాను. పదమూడు, పద్నాలుగు, పదిహేను. పదహారు పోయింది. పదిహేడు, పద్దెనిమిది.

పందొమ్మిది. నలుగురు సభ్యులున్న ఒక కుటుంబం సగటు వయసు 36 సంవత్సరాలు. వారిలో ఒకరు వెళ్ళిపోగా మిగిలిన ముగ్గురి సగటు వయసు 38 సంవత్సరాలు అయినచో, వెళ్ళినవారి వయసెంత. కుడికాలు టేబుల్ కింద నేలని గట్టిగా తొక్కింది. నిరుడూ ఇంతే. అంకెలు వేరు, ఇల్లు ఇదే. అప్పుడు దీని ముందు పన్నెండు నిమిషాలు కూర్చున్నాను, చేయలేక కాదు, వెళ్ళిపోగా అన్న మాట దగ్గరే ఆగిపోయి. ఎక్కడికి వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళారు, ఆ పూట ఇంట్లో ఎవరున్నారు. మార్చురీ గుమ్మంలో నా చేతికి మా ఆవిడ కళ్ళజోడు ఇచ్చారు, తుడిచి ఇచ్చారు, ఎవరు తుడిచారో. పన్నెండు నిమిషాలయ్యాక చూసుకుంటే ఆరు లెక్కలు మిగిలే ఉన్నాయి, టైము లేదు. ఇంటికొచ్చి టైము చాల్లేదత్తయ్యా అన్నాను. "ఏ లెక్క దగ్గర ఆగావు?" అన్నారు. గుర్తులేదన్నాను. కానీ ఆ తర్వాత పుస్తకంలో 'సభ్యులు చేరుట, వెళ్ళుట' అన్న పాఠం వచ్చినప్పుడు, చేరుట అంతా చెప్పి, అరవై ఒకటో పేజీ దగ్గర రెండు కాగితాలు కలిపి ఒక్కసారే తిప్పేశారు. "అది నీకు వచ్చులే. ఇది చూడు." పుస్తకం ఎప్పుడూ ఆవిడ సంచిలోనే ఉండేది, పాఠం అవగానే సంచిలోకి వెళ్ళిపోయేది, ఆ పేజీ నేను కళ్ళతో చూడలేదు. నా కోసమే తిప్పేశారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు, ఇద్దరం తెలియనట్టే ఉన్నాం. ఈసారి ఇక్కడ కూర్చోను. తర్వాత వస్తా అన్నట్టు దాన్ని దాటి ఇరవైకి వెళ్ళిపోయాను.

ఇరవై అయింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, తెలియవు. ఇరవై మూడు తెలియదు. ఇరవై నాలుగు రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది కాబట్టి ఒప్పే అయ్యుండాలి. ఇరవై ఐదు తెలియదు. తెలియనివాటికి ఊరికే ఏదో ఒకటి నొక్కుతూ వెనక్కి వచ్చాను, తప్పుకి మార్కులు కోయరు గనక. ఇప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. గట్టిగా ఒప్పు అని చెప్పగలిగేవి పదహారు, గుడ్డిగా పెట్టినవి ఎనిమిది. పదహారు నాలుగులు అరవై నాలుగు. కావలసింది అరవై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను, పదహారే. గుడ్డివాటిలో ఒకటి తగలొచ్చు, తగలకపోవచ్చు, దాని మీద ఇల్లు పెట్టలేను. "ఇంకా ఏడు నిమిషాలుంది," అంది ఇన్విజిలేటర్ అమ్మాయి మెత్తగా, చంటిపిల్లని నిద్రలేపుతున్నట్టు. పందొమ్మిది నా కోసం అక్కడే కూర్చుని ఉంది.

రండి, కూర్చోండి. ఎక్స్ ఎవరైనా కానీ. నాలుగు గ్లాసులు, నాలుగింట్లోనూ ముప్పై ఆరు మట్టం, మొత్తం నీళ్ళు నూట నలభై నాలుగు. తర్వాత మూడు గ్లాసులు, ముప్పై ఎనిమిది మట్టం. మట్టం పెరిగిందేమిటి, ఒకరు పోతే తగ్గాలి గదా అనిపిస్తుంది, కానీ పోయినవాళ్ళు చిన్నవాళ్ళైతే మిగిలినవాళ్ళు ఒక్కసారిగా పెద్దవాళ్ళైపోతారు, అంతే కదా. మా ఇంట్లో ఎంత పెరిగింది. అయ్యో, ఇప్పుడెందుకు అది, ఆరు నిమిషాలే ఉంది. కానీ నా బుర్ర నా మాట ఎప్పుడు విన్నది గనక. అప్పుడు అత్తయ్యకి అరవై ఏడు, నాకు నలభై మూడు, తనకి ముప్పై తొమ్మిది, పిడుగుకి పదకొండు. నూట అరవై. నాలుగుతో భాగిస్తే నలభై, ఎంత చక్కగా తెగింది, మాకెవ్వరికీ తెలియకుండా మేం నలభై మట్టంలో బతికాం. తను వెళ్ళిపోతే నూట ఇరవై ఒకటి, మూడుతో భాగిస్తే నలభై, ఒకటి మిగిలింది. నలభైయ్యీ మూడోవంతు. మూడోవంతు సంవత్సరమంటే నాలుగు నెలలు. అంతేనా. ఇంట్లోంచి మనిషి లేచిపోతే నాలుగు నెలల తేడానా. పిడుగు ఏడాదిపాటు తలుపు వేసుకుని పడుకుంది, నేను ఆ ఎనిమిది స్టాపుల దారి మార్పించుకున్నాను, అత్తయ్య తన ఇంటికి తాళం వేసి ఒక పెట్టెతో మా గుమ్మంలో నించున్నారు, ఇదంతా కలిపి నాలుగు నెలలా. ఎందుకంటే తన గ్లాసు దాదాపు మట్టానికే ఉండేది, అందుకని. ఎవరి దగ్గర ఎక్కువైనా తక్కువైనా తన దగ్గరికి వచ్చే సరిపోయేది. నేను కోపంగా వచ్చిన రోజు తను చల్లగా ఉండేది, తల్లి మరీ నిక్కచ్చిగా ఉన్న రోజు తను లెక్కలన్నీ తప్పు చెప్పి నవ్వించేది. ఇంటి సగటు తనే, మేం గుర్తుపట్టలేదు.

మరి ఇప్పుడు నేను వెళ్తే. అత్తయ్యకి డెబ్బై ఒకటి, పిడుగుకి పదిహేను, ఎనభై ఆరు, ఇద్దరి సగటు నలభై మూడు. కాగితం మీద నలభై మూడేళ్ళ మనిషి ఉంటుంది, ఇంట్లో ఉండదు. రాత్రి జ్వరం వస్తే పైకి లేచేది డెబ్బై ఒకటన్నా కావాలి, పదిహేనన్నా కావాలి, మధ్యలో ఎవరూ లేరు. కుదరదు. ఆ మాట పైకే అన్నానేమో, పక్క టేబుల్ ఆయన తల తిప్పాడు. గడియారంలో నిమిషం నలభై సెకన్లు. నూట నలభై నాలుగు, దాంట్లోంచి ముప్పై ఎనిమిది మూళ్ళు, ముప్పై మూళ్ళు తొంభై, ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు, నూట పద్నాలుగు. తీసేస్తే ముప్పై. ఇంకోసారి, ముప్పై. ఎవరో ముప్పై ఏళ్ళ మనిషి. తనకి ముప్పై తొమ్మిది కదా. ఇది వేరే ఎవరిదో ఇల్లు, ఎవరో వెళ్ళారు, ఏ ఉద్యోగానికో వెళ్ళారేమో, సెలవుల్లో వస్తారేమో. నిరుడు ఈ ఒక్క ముక్క తట్టలేదు నాకు. బాణం చేతి చెమటకి జారింది, పట్టుకుని ముప్పై మీదికి తెచ్చి నొక్కాను. టైమైపోయింది, తెర ఒక్కసారి తెల్లగా అయిపోయి, మధ్యలో గుండ్రంగా ఏదో తిరిగి తిరిగి, ఆగింది. గణితం డెబ్బై రెండు. మూడు భాగాల సగటు అరవై ఒకటి పాయింట్ మూడు మూడు. ఉత్తీర్ణులు. నా కుడికాలు బ్రేకు మీంచి తనంతట తనే లేచింది.

వరండాలో అత్తయ్య నన్ను చూసి లేవలేదు, మొహం చూడగానే తెలిసిపోయుంటుంది. "ఎంత?" అన్నారు. చెప్పాను. పెదాలు ఒక్కసారి బిగించి వదిలారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, తర్వాత లెక్కల టీచరు బయటికొచ్చింది. "డెబ్బై రెండంటే పద్దెనిమిది ఒప్పు. గుడ్డిగా ఎన్ని పెట్టావు?" ఎనిమిదన్నాను. "ఎనిమిదింట్లో, నాలుగు జవాబుల చొప్పున, లెక్క ప్రకారం రెండు తగలాలి. నీకు ఒకటే తగిలింది. అదృష్టంలో కూడా సగటు కంటే తక్కువే నువ్వు," అంటూ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చారు. నేను పక్కన కూర్చున్నాను. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను, "అత్తయ్యా, ఆ లెక్క వచ్చింది. ఒకరు వెళ్ళిపోయేది. మీరు నా కోసమని ఆ పేజీ తిప్పేశారుగా, పర్లేదు, చేశాను. ముప్పై వచ్చింది." ఆవిడ సంచి వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశారు. పుస్తకం తీయనా అన్నాను, సంచి కాస్త నా వైపు జరిపారు. తీశాను.

అరవై రెండో పేజీ కాగితం అంచు మెత్తబడిపోయి ఉంది, ఎవరూ తెరవని పేజీలా లేదు. అచ్చులో ఉన్న లెక్కల పక్కన, ఖాళీ జాగాలో, ఆవిడ గుండ్రటి చేతిరాతతో పెన్సిలు అంకెలు. అరవై ఏడు, నలభై మూడు, ముప్పై తొమ్మిది, పదకొండు. కింద గీత, నూట అరవై. దాని కింద నలభై. పక్కన నూట ఇరవై ఒకటి, నలభై పాయింట్ మూడు మూడు మూడు, ఆ మూళ్ళు కాగితం చివరిదాకా వెళ్ళాయి. మళ్ళీ దాని కింద అదే లెక్క, మొదటి నుంచి. మళ్ళీ ఇంకోసారి, ఈసారి చెరిపేసిన చోట కాగితం పలచబడి ఉంది. నా టీ చల్లారిపోతోంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆ పేజీ తిప్పింది నా కోసం అనుకున్నాను.

"తప్పేమైనా ఉందేమో చూడు," అన్నారు అత్తయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చూశాను, ఆవిడ నాకు నేర్పినట్టే, ఒక్కో అంకె. "లేదత్తయ్యా. ఒప్పే."

"మూడుసార్లు చేశాను," అన్నారు. "ఎన్నిసార్లు చేసినా నాలుగు నెలలే వస్తోంది."